మఖ కార్తె అతిథి

మన పొలాలు తడపడానికి బయలుదేరిన నైరుతి గాలి, దారిలో నీకు విస్తరి వేసి వస్తుంది, మాంటా చేపా.

ఇక్కడ ఆర్ద్ర కార్తెలో రైతు మబ్బు కోసం మెడ ఎత్తే రోజుల్లోనే అక్కడ మాల్దీవుల జాలరి కూడా తన కార్తె లెక్క చూసుకుంటాడు. అవును, వాళ్లకూ కార్తెలున్నాయి. ఏడాదికి 27. ఒక్కోటి 13 లేదా 14 రోజులు. నకై అంటారు వాటిని. మన ఆర్ద్ర వాళ్ల నోట అద. మన మఖ, మా. పుబ్బ ఫుర, ఉత్తర ఉతుర. కొన్ని రోజులు అటూ ఇటూ అయినా చుక్కలు అవే, గాలీ అదే. ఆ గాలిని వాళ్లు హుళంగు అని పిలుస్తారు. నువ్వు ఎప్పుడొస్తావో తెలియాలంటే ముందు ఆ గాలిని అడగాలి.

హుళంగు వీచినన్నాళ్లూ నీళ్లు పడమర నుంచి తూర్పుకు నడుస్తాయి. పగడపు దీవుల వలయాలను ఒరుసుకుంటూ వెళ్లి, తూర్పు అంచున ప్లాంక్టన్‌ను కుప్ప పోస్తాయి. కంటికి ఆనని ఆ నూకల కోసం నువ్వు తూర్పున ఉంటావు. ఈశాన్య గాలి, వాళ్ల ఇరువై, మొదలవగానే మేత పడమటి అంచుకు చేరుతుంది. వెనకే నువ్వూ. నీకు ఇల్లు లేదు, ఋతువే ఇల్లు.

ఆ తూర్పు అంచున, బా అటోల్ అనే దీవుల వలయంలో, హనిఫారు అనే చిన్న మడుగు ఉంది. గరాటు ఆకారం. అమావాస్యకో పున్నమికో పెద్ద పోటు వచ్చినప్పుడు బయటి నీళ్లు ప్లాంక్టన్‌ను మోసుకొచ్చి ఈ గరాటులోకి తోస్తాయి. అవతల దారి లేదు. నీళ్లు చిక్కబడతాయి, గంజిలా. అప్పుడు వస్తావు నువ్వు.

ముందు ఒక నీడ. తర్వాత నాలుగు. నీ తలకు రెండు పక్కలా తాంబూలపు చిలకల్లా చుట్టి ఉన్న మడతలు మెల్లగా విచ్చుకుని దోసిలి అవుతాయి. వాటినే కొమ్ములనుకుని పాతకాలపు నావికులు నిన్ను దయ్యపు చేప అన్నారు. అన్నం తినే చేతిని చూసి భయపడ్డారు, పాపం. నోరు తెరిచి, ఒకదాని తోక వెనక ఒకటి వరస కడతారు మీరు. మేత మరీ చిక్కబడితే ఆ వరస మొదలు చివరను కలుసుకుని చక్రమవుతుంది. తెలంగాణ ఆడపడుచులు బతుకమ్మ చుట్టూ తిరిగే రోజుల్లోనే, సముద్రంలో మీరు తిరుగుతారు. తిరిగేకొద్దీ సుడి లేస్తుంది, సుడి మేతను మధ్యకు లాగుతుంది. ఒక్కో రోజు ఆ చిన్న మడుగులో మీరు వంద దాటుతారు.

ఇంత వేడుక జరిగే చోట సిలిండర్ కట్టుకుని దిగడానికి వీల్లేదు. 2009లో హనిఫారును రక్షిత ప్రాంతం చేశారు. 2011లో బా అటోల్ యునెస్కో జీవావరణ ప్రాంతమయింది. ఆ మరుసటి ఏడు నుంచి అక్కడ స్కూబా నిషేధం. వెళ్లినవాళ్లు స్నార్కెల్ అనే ఊపిరి గొట్టంతో పైపైనే తేలుతూ చూడాలి. ఇది సరైన కట్టడి అని మనసారా నమ్ముతాను. మీరు తినే పళ్లెంలో మా బుడగలెందుకు?

లోతుకు దిగే డైవర్‌కు నువ్వు వేరే చోట దర్శనమిస్తావు. ఉత్తర మాలే అటోల్‌లో లంకన్ దిబ్బ ఉంది. అక్కడికి నువ్వు తినడానికి రావు, ఒళ్లు శుభ్రం చేయించుకోవడానికి వస్తావు. వేలెడంత చేపలు నీ మొప్పల్లో, నోట్లో దూరి పరాన్నజీవులను ఏరుకు తింటాయి. మొప్పల మీదుగా నీళ్లు పారితేనే నీకు ఊపిరి, అందుకే పూర్తిగా ఆగవు. ప్రవాహానికి ఎదురు నిలిచి రెక్క చివర మాత్రం కదుపుతూ తేలుతుంటావు. దిబ్బ పక్కన కిందికి ఒదిగి, కదలకుండా ఉన్నవాడి తల మీదుగానే నీ తెల్లని పొట్ట సాగిపోతుంది. వెంటపడినవాడికి తోకే కనిపిస్తుంది.

ఇంకా ఎన్ని కడలులు నీ పేరు చెప్పుకుంటాయో. ఇండోనేషియాలో కొమొడో, పసిఫిక్‌లో యాప్ దీవి. హవాయిలోని కోనాలో రాత్రివేళ దీపాలు వెలిగిస్తే ఆ వెలుగుకు ప్లాంక్టన్ మూగుతుంది, దానికోసం నువ్వు దీపం చుట్టూ పల్టీలు కొడతావు. మెక్సికో దగ్గరి సొకొర్రో దీవుల్లో నీ పెద్ద అక్క, 7 మీటర్ల దాకా రెక్క చాచే నడిసంద్రపు మాంటా, డైవర్లు వదిలే బుడగల మీద పొట్ట ఆనించి నిలుస్తుంది. నువ్వు 3, 4 మీటర్లే. అయినా నీ కింద నిలబడ్డవాడికి ఆకాశం సగం మూసుకుపోతుంది.

నీ పొట్ట మీది మచ్చలు నీకొక్కదానికే సొంతం, మా వేలిముద్రల్లా. వాటిని ఫొటోలు తీసి, పోల్చి, మాల్దీవుల్లోనే నాలుగు వేలకు పైగా నీ వాళ్లను విడివిడిగా గుర్తుపట్టారు. మన కోస్తాలో టేకు చేప అంటామే, ఆ కులమే నీది. కానీ టేకుకు ఉండే ముల్లు నీ తోకకు లేదు. కుట్టవు, కరవవు. ఏడాది మోసి ఒక్క బిడ్డను కంటావు. మళ్లీ బిడ్డ అంటే కొన్నేళ్లు. అలాంటి నిన్ను మొప్పల కోసం చంపుతారు తల్లీ. ఎండబెట్టి, మందని అమ్ముతారు. నీరు జల్లెడ పట్టే ఆ పీచులో ఏ మందూ లేదు. మాల్దీవులు 2014లో టేకు జాతులన్నిటికీ రక్షణ ఇచ్చాయి. ఆ దీవులు దాటి ఈదితే నీకు ఆ హామీ అన్నిచోట్లా లేదు.

చదివేవారికి ఒక్క మాట. మఖ, పుబ్బ కార్తెల్లో ఎప్పుడైనా మాల్దీవులకు వెళ్లే భాగ్యం కలిగితే మాంటాకు మూడు మీటర్లు ఎడంగా ఉండండి. ఎదురు వెళ్లకండి, చెయ్యి చాచకండి. దాని ఒంటి మీది జిగురు పొరే దానికి కవచం, మన వేలు తగిలితే చెరిగిపోతుంది. ఉన్నచోట తేలుతూ ఉండండి. అదే వస్తుంది.