లిపిలేని భాషలో లేఖనానువాదము: లంబాడీ నిదర్శనము

బేతంచెర్ల ప్రాంతపు సుగాలీ తండాలలో ఇంటిభాష లంబాడీ. సంతభాషయు, బడిభాషయు తెలుగు. కావున క్రైస్తవ లేఖనములను తెలుగునుండి లంబాడీలోనికి మార్చుట సులభమని తోచును. ఆ సౌలభ్యమునందే దోషమునకు మూలము కలదని నా యభిప్రాయము.

లంబాడీ ద్రావిడభాష కాదు. రాజస్థానీకి దగ్గరి చుట్టము. దానికి పరంపరాగతమైన లిపి లేదు. తెలుగునాట తెలుగు లిపిలోను, కర్ణాటకమున కన్నడ లిపిలోను, మహారాష్ట్రమున దేవనాగరిలోను వ్రాయుచున్నారు. లిపి మాత్రమే అరువైనచో నష్టము స్వల్పము. పదజాలము కూడ ఆయా రాష్ట్రభాషలనుండియే వచ్చి చేరినచో ఒకే జనమునకు మూడు వేర్వేరు గ్రంథములేర్పడును.

తెలుగు బైబిలు అనువాదకులు ‘ఆత్మ’, ‘కృప’, ‘రక్షణ’ మున్నగు సంస్కృతపదములను గ్రహించిరి. 1854లో సంపూర్ణ గ్రంథము వెలువడునాటికే ఆ మాటలు పురాణముల మూలమున తెలుగువారి చెవులకు పరిచితములు. తండాలోని శ్రోతకు ఆ పరిచయము లేదు. వానికి అవి రెండవచేతి మాటలు.

‘ప్రార్థన’ అను మాటనే చూడుడు. దానిని యథాతథముగా లంబాడీలో దింపవచ్చును. కాని దైవసన్నిధిని చేయు వినతికి బంజారాలకు ‘అర్దాస్’ అను మాట కలదు. దానికి సేవాలాల్, మేరామా ఆరాధనల సంస్కారమంటియున్నది గదా యని కొందరాక్షేపింతురు. ‘ఆత్మ’ శబ్దమునకు మాత్రము పూర్వసంస్కారము లేదా? తెలుగున సందర్భమే క్రొత్త యర్థమును సమకూర్చినది. లంబాడీలోను అట్లే సమకూర్చగలదు.

ఇట్లనుటచే అన్యపదములన్నియు త్యాజ్యములని కాదు. పశ్చిమాఫ్రికాలో 1884 నాటికి పూర్తియైన యొరూబా బైబిలునకు ప్రధానకర్త శామ్యూల్ అజాయి క్రౌథర్. యొరూబా ఆయన మాతృభాష. యాజకుని కాయన గ్రహించిన ‘అలుఫా’ ముస్లిముల మూలమున వచ్చిన మాట. అది అప్పటికే జనుల నోట స్థిరపడియుండెను. పదము పుట్టుక కంటె వాడుకయే ప్రమాణమని దీనివలన తేలుచున్నది.

గిడుగు రామమూర్తి పంతులు 1931లో సవర భాషా గ్రంథమును ప్రకటించుటకు ముందు ఏండ్ల తరబడి సవరల నోటినుండియే ఆ భాషను నేర్చెను. లంబాడీ అనువాదమునకును అదియే మార్గము. తెలుగు రాని వృద్ధురాలికి చదివి వినిపించి, ఆమెచే తిరిగి చెప్పించుకొనవలెను. ఆమె తడబడిన చోటెల్ల దిద్దవలెను. తండా పిల్లలు తెలుగునకు మరలుచున్న ఈ కాలమున, తెలుగు మాటలతో నిండిన గ్రంథమును లంబాడీ యని వారి చేతికిచ్చుట ఆ భాషకే హాని.