పంపర పనస చేదులో పనితనం

కోనసీమ కొబ్బరితోటల్లో కాసే పంపర పనసను ఒలవడానికి ఓపిక కావాలి. ముచ్చిక దగ్గర కోసి, పైనుంచి కిందికి కత్తితో గాట్లు పెట్టి లాగితే తొక్క రేకులుగా ఊడుతుంది. దాని వెనకే మందపాటి తెల్లబెండు. అదీ తీసి, తొన మీది పొర ఒలిస్తేగాని రసం నోటికందదు. తొందరపడి పొరతో కొరికామా, నాలుక చేదెక్కుతుంది. ఆ చేదు నరింజిన్‌ది. మొక్కల్లో ఉండే ఫ్లేవనాయిడ్లనే పదార్థాల్లో అదొకటి.

దాని కట్టడం చూడాలి. 15 కార్బన్లు, మూడు వలయాలు కలిసి నరింజెనిన్ అనే మొండెం. ఆ మొండేనికి ఒక పక్క గ్లూకోజు, గ్లూకోజుకు రామ్నోజు అనే మరో చక్కెర. నేర్పంతా ఈ రెండు చక్కెరల అతుకులో ఉంది. రామ్నోజు వెళ్లి గ్లూకోజు రెండో కార్బన్‌కు అతికితే చేదు. ఆరో కార్బన్‌కు అతికితే అది నరిరుటిన్. కమలాపండులో ఉంటుంది, చేదు ఊసే లేదు. సరుకంతా అదే, అతుకు చోటొక్కటే మారింది. 1960లలో అమెరికాలో హొరోవిట్జ్, జెంటిలి అనే రసాయన శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. నరింజిన్ నడిమి వలయాన్ని క్షారంతో విప్పి హైడ్రోజన్ చేరిస్తే, చక్కెరకన్నా వందల రెట్లు తియ్యని పదార్థం తయారైంది! ఇలా అణువుల గుట్టు విప్పే పని మన వాల్తేరులోనూ సాగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో రసాయన శాస్త్రవేత్త టి.ఆర్. శేషాద్రి 1930ల నుంచి 1949 దాకా ఉండి, పత్తిపూలలోని ఫ్లేవనాయిడ్ల నిర్మాణాలు తేల్చారు.

చక్కెరల బరువుతో నరింజిన్ చిన్నపేగు గోడ దాటలేదు. పెద్దపేగులోని బాక్టీరియా ముందు రామ్నోజును, తర్వాత గ్లూకోజును తెంపితే, మిగిలిన నరింజెనిన్ రక్తంలో కలుస్తుంది. ఎలుకల్లో కొలెస్ట్రాల్, షుగరు తగ్గిన దాఖలాలున్నాయి. మనుషుల్లో జరిగిన పరీక్షలు చిన్నవి, ఫలితాలూ ఒక్కతీరుగా లేవు. షుగరుకు ఇదే మందని ఎవరైనా అంటే నేను నమ్మను. పండుగా మాత్రం ఇష్టంగా తింటాను.

అయితే ఒక జాగ్రత్త. పంపర పనసకూ బత్తాయి జాతికీ పుట్టిన సంకరం గ్రేప్‌ఫ్రూట్. దాని రసం తాగితే ఫెలోడిపిన్ అనే బీపీ మందు రక్తంలో బాగా పెరిగిపోతుందని 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం బయటపెట్టింది. తొలి అనుమానం నరింజిన్ మీదే పడింది. ప్రధాన దోషులు అదే రసంలో పక్కనున్న ఫ్యూరనోకౌమరిన్లనే పదార్థాలని తర్వాత తేలింది. పేగు గోడలో మందును విరిచే ఎంజైమును అవి పనిచెయ్యనివ్వవు. పంపర పనసలోనూ అవి ఉన్నాయి. ఫెలోడిపిన్, కొలెస్ట్రాల్‌కు వాడే సింవాస్టాటిన్ లాంటి మాత్రలు వేసుకునేవారు కాయ కోసేముందు డాక్టరును ఒక మాట అడగండి.