వంటలక్క నలుపు

స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా వచ్చిన కార్తీక దీపం సీరియల్‌ను మా కోయ గూడెంలో టీవీ ఉన్న ప్రతి ఇంట్లోనూ చూశారు. కరెంటు పోయిన రోజు కథ మర్నాడు చేల గట్ల మీద అడిగి తెలుసుకునేవారు. దీప నల్లగా ఉంటుంది, వంటలు చేసి బతుకుతుంది. అందుకే వంటలక్క మన మనిషి అనిపించింది. నల్లని ఆడమనిషి పనిమనిషిగా కాక కథానాయికగా రావడం మాకూ సంతోషమే.

అయితే దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ అంత నలుపు కాదు. ఆ రంగు మేకప్‌ది. ఈ సంగతి తెలిసి మా బడిలో నాలుగో తరగతి పిల్ల, "సార్, మొఖం కడిగితే దీప తెల్లగైతదా?" అని అడిగింది. అవునన్నాం. ఆ పిల్ల తన చేతులు చూసుకుంది. నలుపు తప్పు కాదని అన్నేళ్లు కథ చెప్పినవాళ్లకు నల్లని నటి ఒక్కతె కూడా దొరకలేదా?

మోనిత కుట్రల గురించి రాయడం దండగ. దీప ఓర్పును మాత్రం వదిలిపెట్టలేం. కడుపులో బిడ్డ తనది కాదన్న మొగుడి కోసమే ఆమె ఏళ్లకేళ్లు ఎదురుచూస్తుంది. మాతో పనిచేసే మైదానపు టీచర్లు దాన్ని మెచ్చుకున్నారు. మా గూడెం ముసలమ్మలు ఒప్పుకోలేదు. మన కట్టులో పొసగని కాపురాన్ని పెద్దల ముందు తెంచుకోవచ్చు, మారుమనువుకూ అడ్డు లేదు. ఒకామె టీవీ ముందే అనేసింది: "పెద్దమనుషుల్ని పిలవక ఏడుస్తదేంది ఈ పిల్ల?"