పాట, పాఠం, పందిరి: రేనాటి సామూహిక గానశిక్షణ, స్కాట్లండ్ అనుభవం – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు జానపద గేయ పరిశోధన సేకరణకు ఇచ్చిన స్థానాన్ని బోధనకు ఇవ్వలేదు. పాటలు గ్రంథాలకెక్కాయి; వాటిని ఒకరు మరొకరికి నేర్పే పద్ధతి గ్రంథాలకు వెలుపలే ఉండిపోయింది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు చెక్కభజన, కోలాట శిక్షణను స్కాట్లండ్ సంప్రదాయ సంగీత చరిత్రతో పోల్చి, ఈ లోపాన్ని నిరూపించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: రేనాడు, వీరగాథ, చెక్కభజన, గెజ్జెపూజ, స్కాట్లండ్ సంప్రదాయ సంగీతం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘పాఠం’ అన్న మాటకు రెండర్థాలు వాడుకలో ఉన్నాయి. పాఠభేదం, పాఠపరిష్కరణం అన్నప్పుడు అది రచన. గురువు చెప్పేదీ, శిష్యుడు నేర్చేదీ అన్నప్పుడు అది బోధన. జానపద గేయానికి ఈ రెండర్థాలూ సమానంగా వర్తిస్తాయి. అయితే పరిశోధన మొదటి అర్థాన్నే చేపట్టింది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ ఈ రంగానికి శాస్త్రీయమైన పునాది వేసింది. తంగిరాల వెంకటసుబ్బారావు వీరగాథలను సేకరించి వర్గీకరించారు. వారి కృషి లేకపోతే నేడు చర్చించడానికి ఆధారమే ఉండేది కాదు. కానీ వారి తర్వాతి తరాలు ఆ పునాది మీద కట్టినవి ఎక్కువగా సాహిత్య విశ్లేషణలే. ఇతివృత్తం, రసం, భాష, సామాజికాంశాలు అధ్యాయాలయ్యాయి. బాణీ, శిక్షణ, గురుపరంపర అధ్యాయాలు కాలేదు.

2. రేనాటి గేయానికి చారిత్రక నేపథ్యం:

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకు చాలా ముందే, 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో దత్తమండలాలకు ‘రాయలసీమ’ అన్న పేరు వచ్చింది. ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల ప్రాంతాలు 1800లో నిజాం కుంఫిణీకి ఇచ్చిన దత్తమండలాలలోనివి. ఈ మండలాల చరిత్రలో ఇద్దరు స్కాట్లండు వాసులు కనిపిస్తారు. గ్లాస్గోలో పుట్టిన థామస్ మన్రో 1800 నుంచి 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి, పాలెగాళ్ల అధికారాన్ని అణచి రైత్వారీ విధానానికి రూపమిచ్చాడు. లూయిస్ ద్వీపంలోని స్టోర్నవేలో పుట్టిన కాలిన్ మెకంజీ కావలి సోదరుల సహాయంతో ఊరూరి కైఫీయతులను సేకరింపజేశాడు. ఒకరు భూమిని లెక్కలోకి తెచ్చారు, మరొకరు ఊరి చరిత్రను కాగితం మీదికి తెచ్చారు. ఊరి పాట రెంటికీ అందలేదు.

పాలెగాళ్లకు మిగిలిన తవర్జీ కూడా అందని స్థితిలో 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్ల వద్ద ఆయనను ఉరితీశారు. ప్రభుత్వ దస్త్రంలో ఆయన నేరస్థుడు, రేనాటి పాటలో వీరుడు. రెండు కథనాలకూ మధ్య నిలిచిన తీర్పు జనగానానిదే. ఆ గానాన్నే తంగిరాల ‘రేనాటి సూర్యచంద్రులు’లో కరువుకాలపు అన్నదాత బుడ్డా వెంగళరెడ్డి గాథతో జతచేసి అందించారు. 2019 అక్టోబరు 2న విడుదలైన ‘సైరా నరసింహారెడ్డి’ చిత్రం ఈ వీరుణ్ణి దేశమంతటికీ పరిచయం చేసింది. అయితే ఆ చిత్రానికి బాణీలు అమిత్ త్రివేది కొత్తగా కూర్చినవి. వీరుడి పేరు వ్యాపించినంత మాత్రాన పాట వ్యాపించినట్లు కాదన్న విషయాన్ని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

3. స్కాట్లండ్: అచ్చు నుంచి అభ్యాసానికి:

ఇదే సమస్యను స్కాట్లండ్ రెండు శతాబ్దాల ముందు ఎదుర్కొంది. వాల్టర్ స్కాట్ 1802, 1803లలో సరిహద్దు ప్రాంతపు వీరగాథలను సంపుటాలుగా ప్రచురించాడు. ఆయనకు పాటలు వినిపించినవారిలో కవి జేమ్స్ హాగ్ తల్లి మార్గరెట్ లెయిడ్లా ఒకరు. ఆ పాటలు పాడుకోవడానికి పుట్టినవే కానీ చదువుకోవడానికి కాదనీ, అచ్చువేసి వాటిని చెడగొట్టారనీ ఆమె స్కాట్‌ను నిలదీసినట్లు హాగ్ తన జ్ఞాపకాలలో రాశాడు. ఒక పల్లెటూరి గాయని చేసిన ఈ విమర్శ జానపద పరిశోధన అంతటికీ వర్తించే సిద్ధాంతం.

ఆ విమర్శకు సమాధానం చెప్పడానికి అక్కడ చాలా కాలం పట్టింది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో గావిన్ గ్రెగ్, జేమ్స్ డంకన్ ఈశాన్య స్కాట్లండ్‌లో పాటలతోపాటు స్వరాలనూ రాసుకున్నారు. 1951లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో ఏర్పడిన స్కాటిష్ అధ్యయన కేంద్రం గొంతులను టేపుల మీదికెక్కించింది. చివరి అడుగు 1981లో పడింది. మెకంజీ పుట్టిన ద్వీపమాలికలోనే ఉన్న బారా ద్వీపంలో, పిల్లలకు గేలిక్ పాటలూ వాద్యాలూ నేర్పడానికి ‘ఫేష్’ అనే శిక్షణోత్సవం మొదలై, తర్వాత ఇతర ప్రాంతాలకు వ్యాపించింది. పగలు తరగతులు, సాయంత్రం ‘కేలీ’ అనే కూడిక. నేర్చుకున్నవారే పాడతారు, విన్నవారే రేపు నేర్చుకుంటారు. రచన, స్వరం, ధ్వని, బోధన అనే నాలుగు మెట్లు ఈ క్రమంలో కనిపిస్తాయి. తెలుగు పరిశోధన మొదటి మెట్టును బలంగా ఎక్కింది. మిగిలిన మూడింటి మీద దాని అడుగులు తక్కువ.

4. గెజ్జెపూజ: ఊరు నడిపే బడి:

రాయలసీమకు సామూహిక సంగీత శిక్షణ బయటినుంచి తెచ్చుకోవలసినది కాదు. చెక్కభజన, కోలాటం, పండరిభజనలకు శిక్షణ వ్యవస్థ ముందునుంచీ ఉంది. ఊరి పెద్దలు మాట్లాడుకుని గురువును పిలిపిస్తారు. సేద్యం పనులు ముగించుకున్న యువకులు రాత్రిపూట రామాలయం ముందు చేరతారు. గురువు ముందు అడుగు నేర్పుతాడు, అడుగు కుదిరాక చెక్క పట్టిస్తాడు, చెక్క తాళంలో పడ్డాక పాట అందిస్తాడు. ఆయన ఒక చరణం అంటే జట్టు అందుకుంటుంది. కాగితం అవసరం రాదు. పాట కాలిలో, చేతిలో, గొంతులో ఒకేసారి స్థిరపడుతుంది. శిక్షణ ముగిసిన నాడు గెజ్జెపూజ జరుగుతుంది. గజ్జెలకు పూజచేసి, గురువు చేతులమీదుగా కట్టుకుని, ఊరి ముందు తొలి ప్రదర్శన ఇస్తారు. గురువుకు కొత్తబట్టలు పెట్టి సత్కరిస్తారు.

బారా ద్వీపంలో తరగతికీ కేలీకీ ఉన్న సంబంధమే ఇక్కడ శిక్షణకూ గెజ్జెపూజకూ ఉంది. ఆళ్లగడ్డ మండలంలోని అహోబిలం నుంచి సంక్రాంతి వేళ బయలుదేరే పారువేట ఉత్సవం నలభై రోజులకు పైగా పల్లెల్లో సాగుతుంది. చెంచులక్ష్మితో తన పెండ్లికి నరసింహస్వామి స్వయంగా వచ్చి పిలుస్తాడని ఆ పల్లెల నమ్మకం. శ్రీరామనవమి పందిళ్లు, ఊరి తిరునాళ్లు, ఇటువంటి ఉత్సవాలు భజన బృందాలకు సహజమైన వేదికలు. అంటే ఈ ప్రాంతంలో నేర్చుకునే చోటు, పాడే సందర్భం, వినే సమాజం ఒకే అల్లికలో ఉన్నాయి. ‘ప్రదర్శనకళలు’ అన్న శీర్షిక కింద కేవలం ఆహార్యం, వాద్యాల పట్టిక ఇచ్చి ముగించే పరిశోధన ఈ అల్లికను చూపలేదు.

5. పోటీ, వేదిక, పాటగాడు:

పోలికలో రెండు హెచ్చరికలు కూడా ఉన్నాయి. మొదటిది పోటీకి సంబంధించినది. స్కాట్లండ్‌లో 1892లో ఓబన్ పట్టణంలో మొదలైన ‘మోడ్’ ఉత్సవం గేలిక్ పాటకు గౌరవం తెచ్చింది. అయితే న్యాయనిర్ణేతల ముందు పాడే పాట క్రమంగా వారు మెచ్చే కచేరీ శైలివైపు మొగ్గిందన్న విమర్శనూ ఎదుర్కొంది. సీమ పల్లెల్లో బహుమతుల కోసం జరిగే చెక్కభజన, కోలాట పోటీలను ఈ దృష్టితో పరిశీలించాలి. పోటీ యువకులను కళవైపు లాగుతుంది, నిజమే. కాని నిర్ణీత సమయంలో మెప్పించవలసి వచ్చినప్పుడు అడుగు వేగం పెరుగుతుంది, కథ కుదించుకుపోతుంది. దీర్ఘగాథకు అందులో చోటు ఉండదు.

రెండవది ఇంకా కీలకమైనది. 1953లో హేమిష్ హెండర్సన్ ద్వారా వెలుగులోకి వచ్చిన గొప్ప గాయని జీనీ రాబర్ట్‌సన్ సంచారజాతికి చెందినది. స్కాటిష్ పునరుజ్జీవనం ఎవరి పాటలను తలకెత్తుకుందో, ఆ జాతిని సమాజం చిన్నచూపు చూస్తూనే ఉంది. తెలుగునాట వీరగాథలను తంబురా, డిమ్కీలతో ఊరూరా పాడినవారు బుడగజంగాల వంటి వృత్తిగాయకులు. జె. ఎ. బాయిల్ 1870ల తొలినాళ్లలో బళ్లారిలో సేకరించిన సర్వాయి పాపని పాట ప్రచురణలో సేకర్త పేరు స్థిరపడింది; పాడినవారి పరంపర స్థిరపడలేదు. చెక్కభజన రైతుపల్లె నేర్చుకునే కళ, వీరగాథ వృత్తికుటుంబం కాపాడిన విద్య. రెండో దానిని మొదటి దానిలో కలిపి ‘జానపదం’ అనేస్తే పాట మిగిలి పాటగాడు అదృశ్యమవుతాడు. ఏ పునరుద్ధరణకైనా ఇదే అసలైన పరీక్ష.

6. ముగింపు:

రచన దొరికింది కాబట్టి పాట బతికినట్లేనన్న భావనను ఈ పరిశీలన అంగీకరించదు. పైన చెప్పిన చర్చ నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

– జానపద గేయ సేకరణలో బాణీ, తాళం, అడుగు రచనతో సమానమైన ఆధారాలు. ధ్వనిముద్రణ లేని గేయ సేకరణ అసంపూర్ణం.

– గురువు ఎవరి వద్ద నేర్చుకున్నాడు, ఏ పాటతో మొదలుపెట్టాడు, ఎన్ని రాత్రులు నేర్పాడు, గెజ్జెపూజ ఖర్చు ఎవరు భరించారు అన్నవి సిద్ధాంతగ్రంథాలలో అధ్యాయాలు కావలసిన ప్రశ్నలు.

– వృత్తిగాయకుల విద్యను తరగతికి తెచ్చినప్పుడు బోధకుడి స్థానం, పారితోషికం, గౌరవం ముందుగా ఆ కుటుంబాలకే దక్కాలి.

రేనాటి పాటకు కావలసినవన్నీ ఊళ్లలో ఉన్నాయి: నేర్పే గురువు, నేర్చే జట్టు, వినే పందిరి. వాటి పక్కన కూర్చుని వినే పరిశోధకుడు చేరితే ‘పాఠం’ అన్న మాట తన రెండో అర్థాన్ని తిరిగి పొందుతుంది.