గోడ అవతలి కాపలా

ఉత్తర ఐర్లండ్‌లో చాలా ఇళ్లను వెచ్చగా ఉంచేది కిరోసినే. పెరట్లో ట్యాంకు, ఇంట్లో బాయిలర్, రెంటినీ కలుపుతూ 10 మిల్లీమీటర్ల రాగి గొట్టం. బాయిలర్ దగ్గర నిప్పంటుకుంటే ఆ గొట్టమే మంటకు నూనె పోస్తూ ఉంటుంది. దాన్ని ఆపేది ఫైర్ వాల్వ్.

మన ప్రెషర్ కుక్కర్ మూత మీది సేఫ్టీ వాల్వ్ తెలిసినవారికి ఇందులో పాతరకం వెంటనే అర్థమవుతుంది. తక్కువ వేడికే కరిగే లోహం కరగగానే స్ప్రింగు దారి మూసేస్తుంది. కానీ వేడి తగలాలంటే వాల్వ్ మంట పక్కనే ఉండాలి. అది మూసుకున్నా, అక్కడిదాకా నూనె నిండిన గొట్టం ఇంట్లోనే మిగిలిపోతుంది.

కొత్తరకంలో వేడిని పసిగట్టేది ఒకచోట, దారి మూసేది మరోచోట. బాయిలర్ పెట్టె లోపల, బర్నర్‌కు పైన వేలెడంత లోహపు బల్బు. దాన్నుంచి సన్నటి కేపిలరీ గొట్టం గోడ దాటి బయటి వాల్వ్‌కు చేరుతుంది. లోపల సీలు చేసిన ద్రవం. బల్బు వేడెక్కితే ఆ ద్రవం ఒత్తిడి పెరుగుతుంది. ఆ సన్నని దారిలో తప్పించుకునే చోటు లేక అవతలి కొసన ఉన్న పల్చటి లోహపు పొరను నెడుతుంది. కొక్కెం జారుతుంది, స్ప్రింగు విడుదలవుతుంది, నూనె ఇంటి బయటే ఆగిపోతుంది. కరెంటుతో పనే లేదు. బ్రిటన్ ప్రమాణం బీఎస్ 5410 కోరేది ఈ ఏర్పాటునే.

బిగించడంలోనే అసలు నేర్పు కనిపిస్తుంది. వాల్వ్ మీది బాణం నూనె పారే దిక్కుకే ఉండాలి. కేపిలరీని కత్తిరించకూడదు, అతకకూడదు. ఎక్కడ చిట్లినా లోపలి ద్రవం పోతుంది. అందుకే మిగిలిన పొడవును గాజులా వదులుగా చుట్టి క్లిప్పులతో నిలుపుతారు. గట్టిగా మడిస్తే లోపలి దారి నొక్కుకుపోయి కబురు అక్కడే ఆగిపోతుంది. గోడలో ఇటుక అంచు ఒరుసుకోకుండా తొడుగు వేస్తారు. ఏ వేడికి మూసుకోవాలన్నదీ చూసే ఎంచాలి: 65 డిగ్రీలదీ ఉంది, 90 డిగ్రీలదీ ఉంది. మామూలుగానే బాగా వేడెక్కే పెట్టెలో 65 పెడితే మంట లేకుండానే బాయిలర్ ఆగిపోతుంది.

అన్నీ అయ్యాక పరీక్ష. 65 డిగ్రీల వాల్వ్ అయితే బల్బును మెల్లగా బయటికి తీసి, అప్పుడే కాగిన నీళ్ల కప్పులో ముంచుతారు. కాసేపటికి గోడ అవతల టక్కుమని చిన్న చప్పుడు. బల్బు చల్లారినా వాల్వ్ దానంతటది తెరుచుకోదు. మనిషి బయటికి వెళ్లి, వేలితో బటన్ నొక్కాల్సిందే.