ఆకు తిప్పి చూడండి

స్ట్రాబెర్రీ తోటలో అడుగుపెట్టినవాళ్ల చూపు పండ్ల మీదికి పోతుంది. నా చెయ్యి మాత్రం ముదురాకు మీదికి పోతుంది. ఆకు తిప్పి భూతద్దం పెడితే అర మిల్లీమీటరు ఒళ్లు, దాని మీద రెండు నల్లమచ్చలు కనిపిస్తాయి. అదే రెండు మచ్చల నల్లి. ఆకు పైన తెల్లచుక్కలు పడి పాలిపోయి, అడుగున సన్నటి దారాలు అల్లుకునేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం.

స్ట్రాబెర్రీ పండే మన లంబసింగి చలిలో ఈ నల్లి పెద్దగా కదలదు. మంచు తగ్గి ఎండ ముదిరాక, అందులోనూ దుమ్ము లేచే బాట పక్క సాళ్లలో విజృంభిస్తుంది. 30 డిగ్రీల వేడి తగిలితే వారం పది రోజుల్లో గుడ్డు కాస్తా గుడ్లు పెట్టే తల్లి అయి కూర్చుంటుంది.

ఇక రైతు మందుల కొట్టుకు పరిగెడతాడు. నల్లిది ఎనిమిది కాళ్ల సాలీడు జాతి, చాలా పురుగుమందులు దాన్ని ఏమీ చెయ్యవు. 'అన్నిటికీ పనిచేస్తుంద'ని చేతిలో పెట్టే సింథటిక్ పైరిథ్రాయిడ్ అయితే నల్లిని తినే జీవుల్నే ముందు చంపుతుంది. ఆ తర్వాత చేనంతా నల్లిదే. ఇలాంటి మందులు వరసగా కొట్టాక, మరో రకం నల్లి వల్ల వచ్చే కింది ముడత పెరగడం మిరప రైతులు ఎరిగిందే.

నల్లిని తినే జీవుల్లో ఒకటి మరో నల్లే. దాని పేరు ఫైటోసియులస్ పెర్సిమిలిస్. పేరుకి నోరు తిరగదు గానీ జీవి మహా చురుకు, ఒళ్లు నారింజ రంగు. చిలీ నుంచి వచ్చిన ఆర్కిడ్ మొక్కలతో జర్మనీ చేరి 1958లో అక్కడి శాస్త్రవేత్తల కంటపడింది. కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ రైతులు దీన్ని సీసాల్లో కొని మొక్కల మీద చల్లుతారు. రెండు మచ్చల నల్లి, దాని చుట్టాలు తప్ప దానికి వేరే తిండి లేదు, అవి అయిపోతే అదీ పోతుంది. అందుకే ఒక్క నల్లి కూడా మిగలకూడదన్న పంతం నాకు నచ్చదు.

ఆ సీసా దొరక్కపోయినా చేతిలో పని చాలానే ఉంది. ముదురాకులు తుంచి చేను బయట పడెయ్యాలి, బాట మీద నీళ్లు చల్లి దుమ్ము అణచాలి, యూరియా దగ్గర చెయ్యి బిగించాలి. తప్పకపోతే నల్లి మందే కొట్టాలి, అదీ ఆకు అడుగు తడిసేలా. గంధకం మంచిదే గానీ, మండే ఎండలో కొడితే ఆకు మాడుతుంది. ఒకే మందు పదే పదే వాడితే దానికి చావని నల్లే మిగులుతుంది.

స్ట్రాబెర్రీని తొక్క తీసి తినం, కోసింది కోసినట్టే పిల్లల నోట్లోకి పోతుంది. మందు కొట్టాక కోతకు ఎన్నాళ్లు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది. అది చదివి, ఆ గడువు దాటాకే బుట్ట పట్టుకోండి.