ఉత్తరం రాసి పోట్లాడటం

పోయినేడాది మా సంఘం వాట్సప్ గ్రూపులో ఒక కుర్రాడు ఒకే ఒక్క ప్రశ్న పెట్టాడు: పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మనవాళ్లు ఇంకా కులం ఎందుకు అడుగుతున్నారు? పావుగంటలో మెసేజిలు వరద కట్టాయి. సాయంత్రానికి ఒక పెద్దాయన "సంఘ ఐక్యత కోసం ప్రార్థిద్దాం" అని పెట్టి, ఇక అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూపుకి తాళం వేశారు. ఆ "ఐక్యత" అనే మాటే మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు ఉత్తరాన్ని నాచేత మళ్లీ చదివించింది.

ఆ ఉత్తరం పుట్టిందీ ఐక్యత కోసం చేసిన ఒక విజ్ఞప్తి వల్లే. 1963 ఏప్రిల్ 12, గుడ్‌ఫ్రైడే. ప్రదర్శనలు చేయొద్దన్న కోర్టు ఉత్తర్వుని మీరి కింగ్ అరెస్టయ్యాడు. అదే తేదీతో ఎనిమిదిమంది తెల్ల మతాధికారులు, ఏడుగురు క్రైస్తవులు, ఒక యూదు రబ్బీ, ఒక ప్రకటన ఇచ్చారు. ఈ ప్రదర్శనలకిది సమయం కాదు, బయటివాళ్లు నడిపిస్తున్నారు, చర్చలతో తేల్చుకోవాలి అని దాని సారాంశం. వీళ్లేమీ గూండాలు కారు. జాతుల కలయికపై కోర్టు తీర్పుల్ని పాటించాలని అదే జనవరిలో పిలుపిచ్చినవాళ్లే. అందుకే ఈ తగాదా ఆసక్తికరం. ఇది మంచివాళ్లతో పోట్లాట.

కింగ్ మొదట ఎదుటివాళ్ల చిత్తశుద్ధిని ఒప్పుకుంటాడు. తర్వాత వాళ్ల ఆరోపణల్ని వక్రీకరించకుండా ఒక్కొక్కటే ఎత్తుకుంటాడు. బయటివాడినా? పౌలు కూడా సొంతూరు వదిలి తిరిగినవాడే కదా అంటాడు. చట్టం మీరానా? అగస్టీన్‌ని, అక్వినాస్‌ని పిలుస్తాడు. సాక్షులందరూ వాళ్ల అలమర్లో ఉన్న పుస్తకాల్లోంచే వస్తారు. "ఆగండి" అన్నదానికి మాత్రం తర్కంతో జవాబివ్వడు. సుమారు 300 పదాల ఒకే వాక్యంలో అవమానాలు వరసపెట్టి వస్తాయి. ఆరేళ్ల కూతురికి ఆటల పార్కులోకి నల్లపిల్లల్ని ఎందుకు రానివ్వరో చెప్పలేక తడబడిన తండ్రి అందులో ఉన్నాడు. చదివేవాడు కూడా ఆ వాక్యం చివరిదాకా ఆగాల్సిందే.

నన్ను ఆపేసిన చోటు ఇంకొకటి. ఆ ఎనిమిదిమందిలో ఎర్ల్ స్టాలింగ్స్ అనే బాప్టిస్టు పాస్టరు ఏప్రిల్ 14న, ఈస్టరు ఆరాధనకి నల్లవాళ్లని రానిచ్చాడు. జైల్లో కూర్చుని, తనని తప్పుపట్టిన ఆ మనిషిని కింగ్ పేరుపెట్టి మెచ్చుకుంటాడు. ఆ వెంటనే, తెల్లవాళ్ల చర్చి తనని ఎంత నిరాశపరిచిందో మొహమాటం లేకుండా చెబుతాడు. మెచ్చుకోలు విమర్శ పదును తగ్గించలేదు. చివర్లో, ఎక్కువ మాట్లాడి ఉంటే మీరు క్షమించండి, తక్కువ మాట్లాడి ఉంటే దేవుడు క్షమించాలి అన్న అర్థంలో ముగిస్తాడు. తను పొరబడి ఉండొచ్చని ఒప్పుకుంటూనే, మెత్తబడటం కూడా పొరపాటే కావచ్చు అంటున్నాడు.

క్రైస్తవంలో ఇది కొత్తేం కాదు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తున్న పేతురు, కొందరు వచ్చేసరికి భయపడి పక్కకి తప్పుకున్నాడు. పౌలు ముఖం మీదే నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రికలో ఇదంతా ఉంది. ఎవరితో కలిసి తినాలన్న గొడవ తెలుగు సంఘాలకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఉత్తరానికి ఒక లోటు ఉంది. దాన్ని ఆ ఎనిమిదిమందికీ నేరుగా పంపలేదని చరిత్రకారుడు ఎస్. జోనథన్ బాస్ రాశాడు. లోకం దృష్టిలో వాళ్లు ఆ ఒక్క ప్రకటన దగ్గరే గడ్డకట్టిపోయారు. స్టాలింగ్స్‌తో సహా. నలుగురి ముందు గెలిచిన వాదనలో అవతలి మనిషి ఇలా చిన్నబోతాడు. కానీ ఆరోజు జైల్లో ఉన్నవాడు ఎవరో కూడా మర్చిపోకూడదు.

మా గ్రూపుకి తాళం ఇంకా తీయలేదు. ఆ కుర్రాడికి ఈ ఉత్తరం లింకు పంపాను. పెద్దాయనకి కూడా, విడిగా, "వందనాలు అయ్యగారూ" అని మొదలుపెట్టి.